విడాకుల కేసులో ‘నివాసం’ అంటే ఏమిటి? బిడ్డ ఖర్చు ఎక్కడ అడగాలి?

(అల్ మన్సూరాలోని తెలుగు కుటుంబాల కోసం చేసిన రేడియో ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



శుక్రవారం పూట, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని భోంచేసే వేళ విడాకుల గురించి మాట్లాడటమేమిటండీ అని కొందరు అనుకోవచ్చు. నిజమే, వినడానికి బాగుండే సంగతి కాదు. కానీ మన మన్సూరాలో, బీ రింగ్ రోడ్డుకీ సీ రింగ్ రోడ్డుకీ మధ్య ఉన్న ఈ ఫ్లాట్లలో, పక్కింటి వాళ్ళ కుక్కర్ విజిల్ ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తుంది గానీ వాళ్ళింట్లో ఏం జరుగుతోందో తెలియదు. తెలిసేసరికి ఆ అమ్మాయి పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్ళిపోయి ఉంటుంది. లేదా ఆ అబ్బాయి ఫ్యామిలీ ఫ్లాట్ ఖాళీ చేసి నజ్మాలో నలుగురితో షేరింగ్ రూములో చేరి ఉంటాడు. అప్పుడు మొదలవుతాయి ఫోన్లు.

ఇండియాలో కుటుంబ కేసులు చూసిన అనుభవం కొంత ఉంది కాబట్టి ఆ ఫోన్లు నాకూ వస్తుంటాయి. అందరూ ముందు అడిగేది ఒకటే. “మాకు ఖతర్ ఐడీ ఉంది కదండీ, కేసు ఇక్కడ వేయాలా, ఇండియాలో వేయాలా?” ఆ తర్వాతెప్పుడో, ఫోన్ పెట్టేసే ముందు, “పిల్లాడి ఖర్చు సంగతి ఏమిటి?” అంటారు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలనుకుంటారు. కావు. మొదటిదానికి మీరు ఏ జవాబు ఎంచుకుంటారో దాన్నిబట్టే రెండోదానికి డబ్బు వస్తుందా, కాగితమే మిగులుతుందా అన్నది తేలుతుంది.

ముందుగా ఒక తికమక తీర్చుకుందాం. మన చేతిలో ఉన్న ఈ కార్డు, కొందరు పాతవాళ్ళు పతాకా అంటారే, అది ఈ దేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి. అంతే. విడాకుల కోర్టు ‘నివాసం’ అన్నప్పుడు చూసేది ఇంకొకటి. బిడ్డ కస్టడీ కోర్టు ‘నివాసం’ అన్నప్పుడు చూసేది మరొకటి. మాట ఒక్కటే గానీ అర్థాలు మూడు.

విడాకుల నివాసం గురించి ఇండియాలో ఇప్పటికీ అందరు లాయర్లూ చెప్పే తీర్పు మన తెలుగువాళ్ళ కేసులోంచే వచ్చింది. నరసింహారావు కేసు అంటారు. 1975లో తిరుపతిలో పెళ్ళయింది. 1978 నాటికి విడిపోయారు. భర్త మొదట తిరుపతి సబ్‌కోర్టులోనే విడాకుల కేసు వేశాడు. తర్వాత దాన్ని పక్కనబెట్టి అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఇంకొకటి వేశాడు. అక్కడ రూలు ఏమిటంటే, 90 రోజులు ఆ రాష్ట్రంలో నివాసం ఉంటే చాలు, కేసు వేసుకోవచ్చు. భార్య ఇక్కడినుంచే, మీ కోర్టుకు నేను లోబడను అంటూ అభ్యంతరం రాసి పంపింది. 1980 ఫిబ్రవరిలో ఆ కోర్టు విడాకులు ఇచ్చేసింది. 1981 నవంబరులో ఆయన యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య తిరుపతి మేజిస్ట్రేటు దగ్గర రెండో పెళ్ళి నేరమంటూ ఫిర్యాదు చేసింది. మేజిస్ట్రేటు కొట్టేశాడు, హైకోర్టు తిరగదోడింది, చివరికి 1991 జులై 9న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మిస్సోరి విడాకులు మన దేశంలో చెల్లవు అని.

ఎందుకు చెల్లవు? ఒకటి, ఆయన అక్కడ ఉన్నది కేసు కోసం రోజులు లెక్కపెట్టుకోవడానికే గానీ కాపురం ఉండటానికి కాదు. రెండు, మన హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద విడాకులు ఇచ్చారు. మూడు, భార్య ఆ కోర్టుకు ఒప్పుకోలేదు. మరి బయటిదేశపు విడాకులు ఎప్పుడూ చెల్లవా అంటే, చెల్లే సందర్భాలూ ఆ తీర్పులోనే చెప్పారు. అవతలి మనిషి కూడా ఆ దేశంలో స్థిరంగా నివాసం ఉండి, కారణం మన చట్టంలోనిదే అయితే చెల్లుతుంది. అటువంటి కారణం మీదే కేసు నడిచి, అవతలివాళ్ళు తమంతట తాము వచ్చి వాదించినా చెల్లుతుంది. లేదా ఇద్దరూ కలిసి ఒప్పుకుంటే చెల్లుతుంది.

దోహాలో ఉన్న మనకు ఇందులో తెలుసుకోవలసిందేమిటంటే, ఇక్కడి కోర్టునుంచి ఒక కాగితం వచ్చింది కదా అని ఊరికి వెళ్ళి రెండో పెళ్ళి ముహూర్తం పెట్టుకోవద్దు. అలాగే, ఇక్కడినుంచి నోటీసు వచ్చిందంటే ఏదో ఒకటి రాసి పంపేద్దామనీ అనుకోవద్దు. మీరు రాసే జవాబే మీరు ఆ కోర్టుకు ఒప్పుకున్నారా లేదా అన్నది నిర్ణయిస్తుంది. ముందు లాయరుకు చూపించండి.

ఇక బిడ్డ సంగతి. దీనికి మన దేశంలో ఉన్నది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తాడో ఆ ఊరి కోర్టుకే అధికారం అంటుంది. తల్లి ఎక్కడ, తండ్రి ఎక్కడ అని కాదు, బిడ్డ ఎక్కడ అని. చదవడానికి తేలికే. కేసులో పడ్డాక చూడాలి.

2019 మార్చిలో సుప్రీంకోర్టు హైదరాబాదు ఫ్యామిలీ కోర్టు నుంచి వచ్చిన ఒక కేసు చూసింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు జంట. పిల్లలు అక్కడే పుట్టినవాళ్ళు. అక్కడి కోర్టులో కేసు నడుస్తుండగా తల్లి పిల్లలతో హైదరాబాదు వచ్చి, కొద్ది వారాల్లోనే కస్టడీ కోసం ఇక్కడ పిటిషన్ వేసింది. సుప్రీంకోర్టు ఏమంది? పిల్లల మామూలు నివాసం అమెరికా, ఇలా వచ్చి వెంటనే వేస్తే హైదరాబాదు నివాసం అయిపోదు, పిల్లల్ని అక్కడికే తిరిగి పంపాలి అంది. అదే సుప్రీంకోర్టు 2011లో మరో కేసులో, అమెరికా నుంచి వచ్చి ఢిల్లీ బడిలో చేరి చదువుకుంటున్న పిల్లవాడికి ఢిల్లీయే మామూలు నివాసం అంది. అక్కడ పిల్లవాడు ఢిల్లీలో ఉండటానికి తండ్రి రాసిచ్చిన ఉత్తరం ఉంది, బడి ఉంది, కాలం గడిచింది. అంటే విమానం దిగిన తేదీని కాదు, బిడ్డ బతుకు ఎక్కడ కుదురుకుందో దాన్ని చూస్తారు. బడి, టీకా కార్డు, ఎవరి దగ్గర నిద్రపోతున్నాడు, ఎవరు బడికి దింపుతున్నారు, ఇవన్నీ సాక్ష్యాలే.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పిల్లల్ని ఒక దేశంనుంచి ఇంకొక దేశానికి ఎత్తుకెళ్ళినప్పుడు వెనక్కి రప్పించడానికి 1980 నాటి హేగ్ ఒప్పందం ఒకటి ఉంది. ఇండియా అందులో లేదు. ఖతర్ కూడా లేదు. ఇండియా చేరాలా వద్దా అని మన లా కమిషన్ 2009లో ఒకసారి, 2016లో ఒకసారి నివేదికలిచ్చింది. చేరలేదు. కాబట్టి తల్లి తీసుకెళ్ళినా తండ్రి తీసుకెళ్ళినా, “అంతర్జాతీయ చట్టం ఉంది, తెప్పించేస్తాం” అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. బయటి కోర్టు ఆర్డరును గౌరవిస్తాం గానీ అది చూడవలసిన అంశాల్లో ఒకటి మాత్రమే, బిడ్డ మేలే అన్నిటికన్నా ముఖ్యం అంది.

ఇప్పుడు ఖతర్ వైపు చూద్దాం. ఇక్కడ కుటుంబ విషయాలకు 2006లో వచ్చిన 22వ నంబరు చట్టం ఉంది. ముస్లిం కానివారి విషయంలో వారి వారి చట్టాలకు చోటుంది గానీ, ఇండియా చట్టం ఫలానా అని కోర్టుకు చూపించే పని మీదే. అరబీ అనువాదం, అటెస్టేషన్ అన్నీ కావాలి. కోర్టు వ్యవహారమంతా అరబీలోనే నడుస్తుంది. పెళ్ళి సర్టిఫికెట్టు ఢిల్లీలో మన విదేశాంగ శాఖ, అక్కడే ఖతర్ ఎంబసీ, తర్వాత దోహాలో వీళ్ళ విదేశాంగ శాఖ, ఈ ముద్రలన్నీ పడి ఉండాలి. ఫ్యామిలీ వీసా తెచ్చుకున్నవాళ్ళు ఆ పని ఎప్పుడో చేయించి ఉంటారు. కానీ ఆ ఒరిజినల్ ఎవరి సూట్‌కేసులో ఉంది? దాదాపు ఎప్పుడూ మొగుడి ఫైల్లోనే. అమ్మాయిలూ, ఒక కలర్ కాపీ మీ మెయిల్లో పెట్టుకోండి. కాపురం చక్కగా సాగుతున్నప్పుడు కూడా పెట్టుకోండి, తప్పేం లేదు.

ఇక్కడి చట్టంలో కస్టడీ వేరు, గార్డియన్‌షిప్ వేరు. బిడ్డను దగ్గరుంచుకుని పెంచడం సాధారణంగా తల్లిది. మగపిల్లవాడికి 13, ఆడపిల్లకు 15 ఏళ్ళు వచ్చేదాకా. ముస్లిం కాని తల్లి విషయంలో మాత్రం వేరే షరతులున్నాయి, ఆ సంగతి లాయరును విడిగా అడగండి. గార్డియన్ తండ్రి. పాస్‌పోర్టు, ప్రయాణం లాంటివి గార్డియన్ మాటమీద నడుస్తాయి. కస్టడీ తల్లిదైనా బిడ్డను దేశం దాటించాలంటే గార్డియన్ సమ్మతి కావాలి. ఖర్చు తండ్రి మీదే. తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువు అన్నీ. మన చట్టంలోనైతే 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం ప్రకారం ఐదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి, ఆపైన బిడ్డ మేలును బట్టి.

ఇక అసలు ఇబ్బంది వీసా. మనలో చాలామంది ఆడవాళ్ళ ఆర్‌పీ భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉంటుంది. భర్త మెట్రాష్ తెరిచి దాన్ని రద్దు చేయవచ్చు. అంతకన్నా నిశ్శబ్దంగా జరిగేది ఇంకొకటుంది. “వేసవి సెలవులకు నువ్వూ పిల్లలూ వెళ్ళిరండి, టికెట్లు తర్వాత వేస్తాను” అంటాడు. జూన్‌లో వెళతారు. ఆగస్టులో టికెట్టు రాదు. దసరాకు రాదు. ఖతర్‌లో 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం, ముందుగా అనుమతి తీసుకుంటే తప్ప, వరసగా ఆరు నెలలు దేశం బయట ఉంటే ఆర్‌పీ చెల్లదు. డిసెంబరు దాటేసరికి ఆమెకు ఇక్కడికి వచ్చే దారి మూసుకుపోతుంది. ఎవరూ ఎవర్నీ గెంటలేదు, ఒక్క సంతకమూ చేయలేదు, కాపురం మాత్రం అయిపోయింది. అందరు భర్తలూ ఇలా చేస్తారనడం లేదు. ఉద్యోగం పోయి, చెప్పుకోవడానికి మొహం చెల్లక టికెట్టు వేయనివాళ్ళూ ఉంటారు. కానీ ఆరు నెలల గడియారం ఎవరి కారణాలూ అడగదు. ఇద్దరిలో ఎవరికైనా ఇక్కడ కేసు వేసే ఆలోచన ఉంటే ఆ లోపలే కదలాలి. ఉద్యోగం చేస్తున్న ఆడవాళ్ళు సొంత కంపెనీ వీసా మీద ఉంటే ఆ బెంగ చాలావరకు తగ్గుతుంది. “మొగుడి వీసా మీదుంటే కంపెనీకి ఖర్చు తక్కువ” అని చెప్పే మేనేజర్ మాట వినేముందు ఇది కూడా ఆలోచించుకోండి.

సరే, డబ్బు. తండ్రి జీతం ఇక్కడ, ఇల్లూ పొలమూ అక్కడ, బిడ్డ ఎక్కడో ఒకచోట. ఏ కోర్టు చెయ్యి ఎంతవరకు చాపగలదు?

ఖతర్ కోర్టు ఆర్డరు ఇస్తే అది ఇక్కడి జీతాన్ని పట్టుకోగలదు. 2004 నాటి లేబర్ చట్టం 70వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆర్డరు మీద జీతంలో 35 శాతం దాకా జప్తు చేయవచ్చు. అందులో కుటుంబ పోషణ బాకీకే మొదటి పీట. క్రెడిట్ కార్డు, కారు లోను అన్నీ దాని తర్వాతే. 2015 నుంచి జీతాలు బ్యాంకు ద్వారానే పడాలన్న నిబంధన ఉంది కాబట్టి జీతం ఎంతో దాచడం మునుపంత తేలిక కాదు. బిడ్డ ఇక్కడే చదువుకుంటూ, తల్లికి ఇక్కడ ఉండే వీలుంటే, నా మట్టుకు నేను ఇక్కడే అడగమంటాను. అయితే కోర్టుకు వెళ్ళే ముందు రాజీ ప్రయత్నం ఉంటుంది. 2002లో పెట్టిన విఫాక్ అనే కుటుంబ సలహా కేంద్రం ఆ పని చేస్తుంది. దాన్ని చిన్నచూపు చూడకండి. అక్కడ కుదిరిన ఒప్పందం వల్ల రెండేళ్ళ కోర్టు తిరుగుడు తప్పవచ్చు.

తల్లీబిడ్డా అప్పటికే ఊళ్ళో ఉంటే మాత్రం జగిత్యాలలోనో అమలాపురంలోనో కేసు వేయడమే దారి. పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. నంబరు మారింది గానీ సరుకు అదే. భార్య తను ఉన్న ఊళ్ళోనే వేయవచ్చు. కులం మతం లేదు, హిందువైనా ముస్లిమైనా క్రైస్తవులైనా ఒకటే. విడాకులైన ముస్లిం స్త్రీకి ఇది వర్తిస్తుందా అన్న సందేహాన్ని కూడా సుప్రీంకోర్టు 2024 జులై 10న తీర్చింది, వర్తిస్తుందని. అదీ తెలంగాణ నుంచి వెళ్ళిన కేసే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 ఇమ్మంటే హైకోర్టు 10,000 చేసింది, ఆ భర్త అదీ ఇవ్వనని సుప్రీంకోర్టుదాకా వెళ్ళాడు.

ఎంత ఇస్తారు అని అడుగుతారు. ఇంత శాతం అని మన చట్టంలో ఎక్కడా లేదు. 2017లో ఒక కేసులో భార్యకు జీతంలో 25 శాతం సబబు అన్నారు, దాన్నే అందరూ రూలులా పట్టుకుని తిరుగుతున్నారు. అది బిడ్డ ఖర్చుకు కొలత కాదు. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు రజనీష్ కేసులో ఇచ్చిన తీర్పు అంతకన్నా పనికొస్తుంది. ఆ ఇద్దరు జడ్జీల్లో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ సుభాష్ రెడ్డి. భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసి రాసివ్వాలన్నారు. ఒకరు విదేశంలో ఉంటే ఏ కరెన్సీలో జీతం, అక్కడ ఇంటి ఖర్చెంత అన్నది కూడా ఆ ఫారంలోనే ఉంది. బిడ్డ ఫీజు లెక్క ఉంది. ఖర్చు డబ్బు ఆర్డరు తేదీ నుంచి కాదు, పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క కట్టాలన్నారు. “పెద్దలు మాట్లాడుతున్నారు కదా, చూద్దాం” అని ఏడాది ఆగితే ఆ ఏడాది బిడ్డ ఖర్చు చాలావరకు పోయినట్టే. పెద్దలు మాట్లాడుతూ ఉండనివ్వండి, పిటిషన్ మాత్రం వేయండి. రాజీ అయితే ఉపసంహరించుకోవచ్చు.

ఆర్డరు వచ్చాక డబ్బు రాకపోతే? జైలుదాకా వెళ్ళే నిబంధన ఉంది గానీ, బాకీ పడిన ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు పెట్టాలి. తేదీలు రాసిపెట్టుకోండి. ఇండియా కోర్టు ఆర్డరు పట్టుకుని వచ్చి దోహాలో కంపెనీ హెచ్ఆర్‌కి ఇస్తే వాళ్ళు కోయరు, కోయలేరు. ఇక్కడి తీర్పును ఇండియాలో నేరుగా అమలు చేయించుకోవడానికీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ కింద మన ప్రభుత్వం ప్రకటించిన దేశాల్లో ఖతర్ లేదు. యూఏఈని 2020 జనవరిలో చేర్చారు. కాబట్టి దుబాయిలో ఉన్న మీ వదినగారికి కుదిరింది మీకూ కుదురుతుందని అనుకోవద్దు. ఊళ్ళో ఆర్డరు ఊళ్ళో ఆస్తిని పట్టుకుంటుంది, సెలవుకు దిగిన మనిషిని పట్టుకుంటుంది. అదీ తక్కువేం కాదు. ఇంకొకటి, ఉద్యోగం వదిలి వెళ్ళేవాళ్ళకు ఇక్కడ సర్వీసు డబ్బు వస్తుంది, ఏడాదికి కనీసం మూడు వారాల మూలవేతనం చొప్పున. పదిహేనేళ్ళు చేసినవాడికి అది చిన్న మొత్తం కాదు. ఆదాయం రాసేటప్పుడు దాన్ని మరిచిపోతుంటారు, అడిగేవాళ్ళూ మరిచిపోతుంటారు.

ఇప్పుడు తండ్రులతో రెండు మాటలు. మీ బాధ నాకు తెలియనిది కాదు. షేరింగ్ రూములో పై మంచం మీద పడుకుని ఫోన్‌లో పిల్ల ఫొటో చూసుకునేవాళ్ళున్నారు. “పిల్లను చూపించదు, నేనెందుకు పంపాలి?” అంటారు. అటు తల్లి, “డబ్బు పంపడు, నేనెందుకు చూపించాలి?” అంటుంది. రెండూ తప్పే. చూడటం ఒక హక్కు, ఖర్చు మరొక బాధ్యత. ఒకటి ఆగిందని రెండోది ఆపడానికి ఏ కోర్టూ ఒప్పుకోదు. దూరంగా ఉన్న తల్లికో తండ్రికో వీడియో కాల్‌లో బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. రోజు, వేళ రాయించి ఆర్డరు తెచ్చుకోండి. ఖతర్‌కీ ఇండియాకీ రెండున్నర గంటల తేడా, మీరు డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది, కాబట్టి శుక్రవారం ఉదయం అని స్పష్టంగా రాయించండి. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే, బిడ్డ పేరు రాసి పంపండి. బావమరిది చేతికి, ఊరెళ్ళే స్నేహితుడి చేతికి ఇచ్చిన నోట్లకు కోర్టులో లెక్క లేదు.

పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్ళు ఒప్పందంలో “బిడ్డకు ఏమీ అక్కర్లేదు, నాకు విడాకులిస్తే చాలు” అని రాసేస్తుంటారు. విసిగిపోయిన మనిషి అలాగే రాస్తుంది. కానీ తల్లి సంతకంతో బిడ్డ హక్కు పోదు. తర్వాత బిడ్డ తరఫున అడగవచ్చు. కాకపోతే అప్పుడు మళ్ళీ మొదటినుంచి పోరాడాలి, అందుకని ముందే నెలకు ఇంత, ఏటా ఇంత పెంపు, స్కూలు ఫీజు ఎవరు, ఆసుపత్రి ఎవరు అని రాసుకోవడం నయం.

సహాయం ఎక్కడ దొరుకుతుందని అడిగేవారికి, మన ఎంబసీ కింద పనిచేసే ఇండియన్ కమ్యూనిటీ బెనెవొలెంట్ ఫోరం ఉంది. భర్త వదిలేసిన ఆడవాళ్ళకు కేసు ఖర్చులకు సహాయం ఎంబసీ సంక్షేమ నిధి నుంచి అడగవచ్చు. ఇండియాలో జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్నారై సెల్ ఉంది.

ఆఖరుగా, ఇక్కడ ఉద్యోగం వదిలి ప్రతి వాయిదాకూ వెళ్ళలేనివాళ్ళు అమ్మానాన్నలకో అన్నయ్యకో పవరాఫ్ అటార్నీ ఇస్తారు. తెల్లకాగితం మీద సంతకం పెట్టి కొరియర్‌లో పంపితే పనికిరాదు. మన ఎంబసీలో అధికారి ముందు సంతకం పెట్టాలి. అది ఇండియా చేరాక మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు వేయించాలి. ఆ మూడు నెలలూ దాటిపోయిందంటే మళ్ళీ అపాయింట్‌మెంటు, మళ్ళీ సెలవు, మళ్ళీ ఎంబసీ. అందుకని కవరు మీదే ఎర్ర ఇంకుతో పంపిన తేదీ రాసి పంపండి.